క్రిస్మసు పండుగకు నాలుగు వారముల యేర్పాటు

పండుగ యొక దినము. దాని పని యొక మాసము. ఈ సంగతి పెద్దలందరు నెరిగినదే యైనను, డిసెంబరు 20వ తేదీ వచ్చువరకు దానిని జ్ఞప్తికి దెచ్చుకొనువారు తక్కువ. అటుపిమ్మట సున్నము, బట్టలు, పిండివంటలు, నక్షత్రము, పశువులపాక, చుట్టముల రాక, అన్నియు నొక్కమారే మీద బడును. ఆ భారము ఇంటిలో ఎవరిమీద బడునో చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు.

రెండేండ్ల క్రిందట మా యింట జరిగినది చెప్పెదము. మేము నలుగురము పిల్లలము. బజారు మిఠాయిలు వలదనియు, అన్నియు ఇంటిలోనే చేయవలెననియు మేము పట్టుబట్టితిమి. కోరుట మా వంతు, చేయుట అమ్మ వంతు అయ్యెను. నాన్నగారు 22వ తేదీన సరకులను అరువు తెచ్చిరి. 24వ తేదీ మధ్యాహ్నము మొదలిడిన అరిసెలు మరునాటి తెల్లవారుజామున మూడు గంటల వరకు సాగెను. ఐదు గంటల ఆరాధనకు అందరమును క్రొత్తబట్టలు ధరించి పోతిమి. అమ్మ గోడ కానుకొని కూర్చుండి, మొదటి కీర్తన ముగియకమునుపే నిద్రించెను. తిరిగివచ్చు త్రోవలో ఆమె, "ఈ వేళ ఏ పాటలు పాడినారర్రా?" అని మమ్మడిగెను. మా నోట మాట రాలేదు.

ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే కారణము. గడచిన క్రిస్మసునకు మేము వేరొక క్రమము ననుసరించితిమి. అది ఇతర కుటుంబములకును ఉపయోగపడునేమో యని యిక్కడ వివరించుచున్నాము. దానికి మూడే సూత్రములు. మొదటిది, లెక్క వ్రాయక ఏ సరకును కొనరాదు. రెండవది, ఎక్కువ దినములు నిలువయుండునవి ముందుగను, నిలువయుండనివి తరువాతను చేయవలెను. మూడవది, 24వ తేదీన నూనెమూకుడు పొయ్యి నెక్కరాదు.

దినములు లెక్కించుటకు సంఘ పంచాంగమే మనకు తోడుపడును. క్రిస్మసునకు ముందు నాలుగు ఆదివారములు గల కాలమునకు ఆగమనకాలమని పేరు. దాని మొదటి ఆదివారము నవంబరు 27కును డిసెంబరు 3కును నడుమ వచ్చును. కావున ఆ కాలము 22 దినములకు తగ్గదు, 28 దినములకు మించదు. కొన్ని యేండ్లలో నాలుగవ ఆదివారము 24వ తేదీననే పడును. అందుచేత పెద్దపనులన్నియు మూడు వారములలో ముగించి, నాలుగవ వారమును తేలికగ నుంచుకొనుట మేలు.

మొదటి వారము లెక్కలది. మా కుటుంబము ఆరుగురు. పళ్లెములు పంపవలసిన యిండ్లు ఇరువది. ఒక్కొక్క పళ్లెములో 4 అరిసెలు, 4 గులాబీ పువ్వులు, గుప్పెడు జంతికలు పెట్టదలచితిమి. అనగా పంచుటకే 80 అరిసెలు కావలెను, ఇంటికిని, వచ్చిపోవువారికిని మరి 40, మొత్తము 120. మా యింట కిలో బియ్యమునకు సుమారు 40 అరిసెలు వచ్చును గనుక 3 కిలోల బియ్యము చాలును. ఇట్లే నూనె, బెల్లము, మైదా, గ్రుడ్లు, అన్నిటిని వ్రాసి ధరలు వేసితిమి. మొత్తము చూచి నాన్నగారు ఒక నిమిషము మౌనముగ నుండి, రెండు వస్తువులను కొట్టివేసిరి. తక్కినవానిని నవంబరు జీతములో సగము, డిసెంబరు జీతములో సగముగ కొనుటకు నిశ్చయించిరి. అరువు పద్దు లేకుండెను. ఆ వారమే గోడలకు సున్నము వేయించి, బట్టలు దర్జీ కిచ్చితిమి. దర్జీ చెప్పిన తేదీకి మరి వారము కలుపుకొని చూచుకొనవలెనని మా అనుభవము.

రెండవ వారము అలంకారములది. వీనిలో ముఖ్యమైనది నక్షత్రము. కాగితపు నక్షత్ర దీపమునకును పాఠశాలలకును పాత సంబంధము గలదు. జర్మనీ దేశమునందలి నీస్కీ పట్టణమున మొరేవియను సంఘమువారి బాలుర పాఠశాలలో 1830 తరువాతి సంవత్సరములలో రేఖాగణిత పాఠముగ నట్టి నక్షత్రమును చేసిరి. అది అనేక కోణములు గల ఘనాకారము. మన యూళ్లలో కట్టునది ఐదు కోణముల నక్షత్రమే యైనను, అందును రేఖాగణితమునకు కొదవలేదు.

దానిని చేయు విధము: 60 సెంటీమీటర్ల పొడవు గల సన్నని వెదురుబద్దలు పది కావలెను. ఒక్కొక్క బద్దమీద రెండు కొనలనుండియు 23 సెంటీమీటర్ల దూరమున గుర్తులు పెట్టవలెను. నడుమ 14 సెంటీమీటర్లు మిగులును. ఐదు బద్దలను నక్షత్రాకారముగ పరచి, ఒక బద్ద మరియొకదానిని దాటుచోట గుర్తులు కలియునట్లు చూచి పురికొసతో కట్టవలెను. గుర్తులు కలిసినచో ఐదు మొనలును సమానముగ వచ్చును. ప్రతి మొనయు 36 డిగ్రీల కోణముగ నుండును. కొలత లేక కట్టిన నక్షత్రము ఒక ప్రక్కకు ఒరగుటకు కారణ మిదియే. ఇట్లు రెండు చట్రములు చేసి, మొనలను జతగ కట్టి, లోపలి ఐదు కూడళ్లయందును 15 సెంటీమీటర్ల పుల్లలను అడ్డముగ నిలిపినచో నక్షత్రము ఉబ్బి నిలుచును. మైదాపిండి నుడికించిన జిగురుతో పలుచని రంగుకాగితమును అంటించి, వెనుక నొక కోణమును తెరచి మూయుటకు వీలుగ వదలవలెను. లోపల వేడెక్కని చిన్న ఎల్ఇడి దీపమునే వ్రేలాడదీయవలెను. క్రొవ్వొత్తి గాని నూనెదీపము గాని కాగితములోపల ఎన్నడును పెట్టరాదు.

క్రిస్మసు చెట్టు జర్మనీనుండి వచ్చిన ఆచారము. 1848లో విక్టోరియా రాణి కుటుంబము అట్టి చెట్టు చుట్టును నిలిచియున్న చిత్రము లండను పత్రికలో వెలువడిన పిమ్మట అది ఇంగ్లండులో మిక్కిలి వ్యాపించెను. వారు వాడు చెట్లు మన కోస్తాలో పెరుగవు. అయినను విచారింప బనిలేదు. మనకు సరుగుడు కొమ్మ గలదు. దానిని తడియిసుక నింపిన బొక్కెనలో నాటి, దినమున కొకసారి నీళ్లు చల్లిన కొన్ని దినములు పచ్చగ నుండును. కావున దానిని 20వ తేదీకి ముందు నరుకరాదు. గుమ్మములకు మామిడాకు తోరణములు, బంతిపూల దండలు 24వ తేదీ సాయంకాలము కట్టిన చాలును. కాగితపు గొలుసులను మాత్రము రెండవ వారముననే చేసి దాచవచ్చును.

పశువులపాకను చేయు ఆచారము ఇటలీలోని గ్రెచ్చో అను గ్రామమున 1223లో అసిసి ఫ్రాన్సిసు గారు జరిపిన క్రిస్మసు ఆరాధనతో ప్రసిద్ధికెక్కెను. ఆయన అక్కడ గడ్డితొట్టిని, నిజమైన ఎద్దును, గాడిదను ఉంచెనని చెప్పుదురు. మా పాకకు వరిగడ్డి కప్పు, చెరువుమట్టి బొమ్మలు. దాని ముందు పచ్చిక కావలెనన్నచో 15వ తేదీన వెడల్పుపళ్లెములో మన్నుపోసి ఆవాలు గాని రాగులు గాని చల్లి, తడి యారకుండ చూచుకొనవలెను. పండుగనాటికి పచ్చని పొలము సిద్ధముగ నుండును. ఈ పనిని మా చిన్నతమ్మునికి అప్పగించితిమి. వాడు దినమునకు పదిమార్లు పోయి చూచుచుండెను.

మూడవ వారము పిండివంటలది. వరికోతలు ముగిసి క్రొత్తబియ్యము వచ్చు దినములలోనే క్రిస్మసు వచ్చును గనుక సంక్రాంతి అరిసెలే మన క్రిస్మసునకును అమరినవి. బియ్యమును రాత్రియంతయు నానబెట్టి, నీరు వంచి, బట్టమీద కొంతసేపు ఆరనిచ్చి, తడి యుండగనే దంపించి గాని మర పట్టించి గాని జల్లించవలెను. పిండి ఆరిపోకుండ అదిమి మూత వేయవలెను. కిలో బియ్యమునకు ముప్పాతిక కిలో బెల్లము చాలును. పాకమే యిందు ప్రాణము. చల్లని నీటిలో ఒక చుక్క వేసి వ్రేళ్లతో దీసినచో మెత్తని యుండ కావలెను. ఉండ కాకమునుపు దింపిన అరిసె నూనెలో విచ్చిపోవును. ముదురనిచ్చిన పెంకువలె గట్టిపడును. దింపిన పాకములో పిండిని కొంచెము కొంచెముగ వేసి కలియబెట్టి, నేయి, నువ్వులు చేర్చిన చలిమిడి సిద్ధమగును. వేయించిన అరిసెను రెండు చెక్కల నడుమ నొత్తి నూనె తీసి, పూర్తిగ చల్లారిన పిమ్మటనే డబ్బాలో పెట్టవలెను. వేడిగ మూసినచో ఆవిరి పట్టి బూజు వచ్చును.

పాకము చూచుటకు పొరుగింటి మామ్మగారు మాకు తోడు వచ్చిరి. ఆమె ప్రతి సంక్రాంతికిని తమ యింట అరిసెలు వండుదురు. మొదటి పాకము ఆమె చూచిరి. అది చక్కగ కుదిరెను. రెండవది మేమే చూచితిమి. ఆ నలువది అరిసెలును కొరుకుటకు తమ్ముడు సుత్తి తెచ్చెదనని పరిహసించెను. వానిని ఇంటికే యుంచుకొని, మంచివానిని పళ్లెములకు కేటాయించితిమి.

గులాబీ పువ్వులకు బియ్యపుపిండి రెండు పాళ్లు, మైదా ఒక పాలు, తగినంత పంచదార, గ్రుడ్డు, కొబ్బరిపాలు కలిపి, దోసెలపిండికన్న కొంచెము పలుచగ జారు చేయవలెను. అచ్చును ముందుగ కాగిన నూనెలో నుంచి బాగుగ వేడిచేయవలెను. చల్లని అచ్చునకు పిండి పట్టదు. వేడియచ్చును పిండిలో ముప్పాతిక వంతు వరకే ముంచవలెను. పైయంచు దాటి మునిగినచో పిండి అచ్చును కప్పివేసి పువ్వు ఊడిరాదు. చిన్నపిల్లలను ఈ మూకుడు దరికి రానీయరాదు. వారికి డబ్బాలు తుడుచుట, ఎన్ని యైనవో లెక్కవ్రాయుట మొదలగు పనులు అప్పగింపవచ్చును.

కేకును 22వ తేదీన చేసితిమి. అందుకు లెక్క సులభము: పెంకు తీసిన గ్రుడ్లు ఎంత తూగునో, వెన్న, పంచదార, మైదా ఒక్కొక్కటి అంత. నాలుగు గ్రుడ్లు సుమారు 200 గ్రాములు తూగును. ఎండుద్రాక్షను, ఖర్జూరపు ముక్కలను ముందటి రాత్రి నారింజరసములో నానబెట్టితిమి. ఓవెను లేని యిండ్లలో మందపు గిన్నెలో రెండు వ్రేళ్ల యెత్తు ఇసుక పోసి, పది నిమిషములు కాచి, లోపల నొక పీటవంటిదానిమీద కేకుపాత్ర నుంచి మూతవేసి, సన్నని సెగమీద ముప్పాతిక గంట మొదలు గంట వరకు ఉడికింపవచ్చును. శుభ్రమైన పుల్ల గ్రుచ్చి తీసినప్పుడు పిండి అంటకున్నచో కేకు అయినట్లే.

23వ తేదీ సాయంకాలము పళ్లెములు పంచితిమి. మొదటి పళ్లెము మామ్మగారి యింటికే పోయెను. రంజానునకు మాకు సేమియా పంపు యింటికిని, దసరాకు బూరెలు పంపు యింటికిని పోయెను. 24వ తేదీన మరునాటి పలావునకు ఉల్లిపాయలు తరుగుట, మసాలా నూరుట, తోరణములు కట్టుట మాత్రమే మిగిలెను. ఎవరి పని యేదో వ్రాసిన కాగితము నెలదినములుగ వంటయింటి తలుపునకు అంటించి యుండెను. అందు అమ్మ పేరు ఎదుట 24వ తేదీకి "విశ్రాంతి" అని వ్రాసియుంటిమి. ఆమె దానిని చూచి నవ్వి, మరల పొయ్యి దగ్గరకు పోబోగా, నాన్నగారు కాగితమును చూపించి వెనుకకు పంపిరి. రాత్రి పది గంటలకు అమ్మ నిద్రించెను.

విద్యార్థి మిత్రులారా, పండుగ ఇంటిలో చేసికొందమని మీరు పట్టుబట్టుట మంచిదే. అయితే ఆ మాటతోపాటు ఒక కాగితమును, కలమును గూడ మీ తల్లిగారి దగ్గరకు తీసికొనిపొండు. మీ పేర్లు ముందు వ్రాయుడు. మాన్యులగు తల్లిదండ్రులు తమ బిడ్డలకు పాకము చెడగొట్టుటకును కొంచె మవకాశ మీయవలెనని మా మనవి; చెడగొట్టక యెవరును నేర్వరు.

ఈసారి తెల్లవారుజాము ఆరాధనలో అమ్మ మా ముందు వరుసలో కూర్చుండెను. ఇంటికి వచ్చు త్రోవలో ఆమె మమ్మేమియు అడుగలేదు. చివరి పాటను మెల్లగ పాడుకొనుచు మాకంటె ముందు నడచెను.