గడ్డి చెరువు - కాపలా చేప

సాకేత్‌లో మేము నివసించే ఇంటికి నడక దూరంలో సత్‌పులా అనే ప్రాచీన కట్టడమున్నది. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ తన జహాపనా నగర ప్రాకారంలో భాగంగా, ఖిర్కీ గ్రామం చెంత కట్టించిన ఆనకట్ట ఇది. ఏడు ప్రధాన కమానుల గుండా నీటిని అదుపు చేసి వదిలేవారు. ఆనాటి విశాల జలాశయం నేడు లేదు. ఉదయపు నడకలో అటు వెళ్ళినప్పుడు ఇంజనీరుగా మా దృష్టి కమానుల మీదికే పోతుంది. మనసు మాత్రం, ఇక్కడ నీరు నిలిచిన రోజులలో గడ్డి చాటున ఏ చేపలు తిరిగేవో అని ఊహిస్తుంది. పల్లెటూరిలో గాలం పట్టి పెరిగినవారికి ఈ అలవాటు ఒక పట్టాన పోదు.

మొన్నటి మే నెల ఆరంభంలో, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఫోను చేసి, "నాన్నా, ఇవాళ సరస్సులో బాస్‌ను పట్టాను" అన్నాడు. బాస్ అనగానే సోదర ఉద్యోగులకు మరొకరు గుర్తుకు రావచ్చును! ఇది చేప. ఉత్తర అమెరికా మంచినీటి సరస్సులలో, గడ్డి అంచున పొంచి ఉండి కప్పలను, చిన్న చేపలను మింగే పెద్దనోటి చేప. రబ్బరు కప్పను గడ్డి మీదుగా గెంతిస్తూ లాగితే, నీరు భళ్ళున బద్దలై చేప పైకి లేస్తుందట.

ఆ వర్ణన వినగానే మా కళ్ళకు కొల్లేరు కట్టింది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఆ మంచినీటి సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరినది. మా బాల్యం దాని అంచునున్న ఒక గ్రామంలో గడచినది. ఊరి చెరువులో సగం తూటికాడ, సగం గుర్రపుడెక్క. ఆ గడ్డిలో రాజు కొర్రమీను. వెదురు కర్రకు బలమైన దారం కట్టి, గాలానికి చిన్న కప్పను గుచ్చి, ఆకుల నడుమ ఖాళీలో తపతపా తాటించడమే మా విద్య. మిచిగన్ రబ్బరు కప్పకు, మా చెరువు కప్పకు ప్రాణమొక్కటే తేడా!

గడ్డి చెరువులో కొర్రమీను ఎందుకు రాణిస్తుందో ఇంజనీరు దృష్టితో చూస్తే సులభంగా అర్థమవుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు పడిపోతుంది. దానికితోడు రాత్రివేళ నీటిమొక్కలు కూడా ఆ ప్రాణవాయువునే పీల్చుకుంటాయి. అందుచేత తెల్లవారుజామున ఇతర చేపలు అల్లాడుతాయి. కొర్రమీనుకు మాత్రం మొప్పల పైభాగాన గాలి పీల్చే ప్రత్యేక అరలున్నవి. అది పైకి వచ్చి గాలి మింగి పోతుంది. అలా మింగినప్పుడు లేచే అలల వలయమే గాలగాడికి గురుతు. బజారులో కొర్రమీను తొట్టెలో ప్రాణంతో దొరకడానికి కారణమూ ఇదే.

ఈ చేపకు మరొక గుణమున్నది. గడ్డిని తొలగించి సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పున గూడు చేసుకొని, నీటిపై తేలే గుడ్లను పెడుతుంది. తొలకరి దీనికి ముఖ్యమైన అదను. ఎండని చెరువులలో వేసవిలోనూ పెడుతుంది. ఒకటి రెండు రోజులలో పిల్లలు వెలువడతాయి. నారింజ ఎరుపు రంగులో, ఒకే గుంపుగా, నీటిపై కుంకుమ చల్లినట్లు కదులుతాయి. వాటి కింద తల్లిదండ్రులు, ముఖ్యంగా మగచేప, వారాల తరబడి కాపలా ఉంటాయి. ఆ గుంపు దగ్గర ఏది కదిలినా ఆకలి లేకున్నా కరుస్తాయి. గాలగాడికి ఇంతకంటె తేలికైన వేట లేదు.

1981 వేసవిలో, మా పదకొండవ ఏట, ఆ తేలికైన వేటనే వేటాడాము. ఎర్రని గుంపు పక్కన కప్పను వేసిన మరుక్షణమే చేప పడినది. మోచేతి పొడవున్న దానిని ఊరంతా చూపించి ఇంటికి తెచ్చాము. మా తాతయ్య కాలువ మీద లస్కరుగా పనిచేసినవారు. చేపను చూసి, "ఎక్కడ పట్టావురా?" అని అడిగారు. చెప్పాము. ఆయన కేకలు వేయలేదు. మర్నాటి సాయంత్రం చెరువు గట్టుకు తీసుకుపోయారు. ముందురోజు చాపంత ఉన్న గుంపులో చెదురుమదురుగా గుప్పెడు మిగిలినవి. చుట్టూ మట్టగిడసలు ఎగబడుతున్నవి. "గట్టు మీద లస్కరును తీసేసి, గండి పడిందని ఏడిస్తే ఏం లాభంరా?" అన్నారు. ఆ రాత్రి ఆయన చేపల పులుసు ముట్టలేదు. ఆ తరువాత మాకూ సహించలేదు.

ఇదంతా ఫోనులో మా అబ్బాయికి చెప్పాము. వాడు కొంతసేపు మౌనంగా ఉండి, "నేను పట్టినదీ గూడు మీద ఉన్నదే నాన్నా. వదిలేశాను" అన్నాడు. బాస్‌లో కూడా మగచేపే తోకతో అడుగును ఊడ్చి గూడు చేసి, గుడ్లను, పిల్లలను కాస్తుందట. దానిని పైకి లాగిన కొద్ది నిమిషాలలోనే చిన్న చేపలు గుడ్లను తినివేయవచ్చు. మిచిగన్‌లోని చాలా సరస్సులలో మే నెల చివరి వారాంతానికి ముందు బాస్‌ను పట్టినా వెంటనే వదలవలెనన్నది నిబంధన. మా తాతయ్యకు ఆ చట్టం తెలియదు, లస్కరు ధర్మం తెలుసు. మా అబ్బాయి వదిలినది చట్టానికో, తన మనసుకో మేము అడగలేదు. వదిలాడన్న మాటతోనే మా గుండెలోని నలభై ఏళ్ళ నాటి ముల్లు కొంత కదిలినది.

వేసవి సెలవులకు స్వగ్రామాలకు వెళ్ళే మన పిల్లలు గాలం పట్టి చెరువుకు పోతామంటే పెద్దలు తోడు వెళ్ళండి. గడ్డిలో కాలు దిగబడుతుంది గనుక గట్టు దిగనీయకండి. నీటిపై ఎర్రని గుంపు కనబడితే, దారం చుట్టుకొని పది బారలు అవతలికి నడిపించండి. పిల్లచేపలు ఎదిగి రంగు మారి చెదిరిపోయిన తరువాత చెరువు మళ్ళీ మనదే. అంతవరకు అక్కడ ఒకరు డ్యూటీలో ఉన్నారు.