చేతులు మారిన రేవు

స్వర్ణముఖీతీరమందలి వాకాడు నుండి కడలి వెంబడి ఉత్తరమునకు బోవువానికి కృష్ణపట్నము రేవును, దక్షిణమున పులికాటు సరస్సును దాటిపోవువానికి తమిళనాటి కాట్టుపల్లి రేవును తగులును. కాట్టుపల్లి 2018లోనే అదానీ పోర్ట్స్ కంపెనీ వశమయ్యెను. కృష్ణపట్నములో నూటికి 75 వంతుల వాటాను సి.వి.ఆర్. సమూహము నుండి కొనుచున్నట్లు 2020 జనవరిలో ఆ కంపెనీయే ప్రకటించెను. ప్రకటన జనవరిలో వెలువడినను రేవు చేతులు మారినది అక్టోబరులో. జులైలో కాంపిటీషన్ కమిషన్ సమ్మతించెను, రేవు నిర్వహణకు హక్కునిచ్చిన రాష్ట్రప్రభుత్వపు అనుమతియు వలసివచ్చెను, ఈలోపల కరోనా వచ్చిపడెను. తొలుత 13,572 కోట్లుగా గట్టిన సంస్థ విలువ తుదకు 12,000 కోట్ల రూపాయలయ్యెను.

కమిషన్ విచారించునది ధరను గాదు, పోటీని. చట్టము విధించిన పరిమాణమును మించిన కొనుగోలు సామాన్యముగా దాని సమ్మతి లేనిదే పూర్తికారాదు. ఒకే తీరమందలి రెండు రేవులు ఒకే యజమాని పాలబడినపుడు, సరకు దింపుకొను వర్తకునికి "ఇచట రుసుము హెచ్చినచో అచటికి బోయెద"నను స్వేచ్ఛ యెంత మిగులునను ప్రశ్న సహజముగా బుట్టును. చెన్నై, ఎన్నూరు రేవులు సమీపముననే యుండుట దానికొక సమాధానము కావచ్చును గాని, ప్రశ్న మాత్రము అడుగదగినదేయని నా యభిప్రాయము.

ఇచట కొన్న కంపెనీ షేరుబజారులో నమోదైనది, అమ్ముడుపోయినది కాదు. కావున కృష్ణపట్నము వ్యవహారమున సామాన్య మదుపరికి ఓపెన్ ఆఫర్ అను మాటయే లేకపోయెను. అమ్ముడుపోవు కంపెనీయే నమోదైనదైనచో షేరుబజారు నియంత్రణసంస్థయగు సెబీ నిబంధనలు మేల్కొనును. 2011 నాటి నిబంధనల ప్రకారము 25 శాతపు ఓటుహక్కును చేరిన కొనుగోలుదారుడు తక్కిన వాటాదారుల నుండి కనీసము మరి 26 శాతము కొనుటకు సిద్ధపడవలెను; ఇదియే ఓపెన్ ఆఫర్. యజమాని మారినపుడు తానును వెడలిపోవుటకు చిన్న వాటాదారునికి తెరచిన ద్వారమది. అంతకుముందటి నియమములనాడు, 2009 ఏప్రిల్‌లో, హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌ను వేలమున షేరుకు 58 రూపాయలకు గెలుచుకొన్న టెక్ మహీంద్రాయు ఆ ధరకే ఓపెన్ ఆఫర్ చేసెను. అయితే బజారు ధర అప్పటికే దానిని మించినందున ఆ ద్వారమున వెడలినవారు అత్యల్పులు.

కొనుగోలు వేరు, విలీనము వేరు. సత్యం పూర్తిగా టెక్ మహీంద్రాలో లీనమగుటకు 2013 వరకు పట్టెను. బొంబాయి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు రెండును అంగీకరింపవలసివచ్చెను. నేడా యధికారము నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్‌ది. నమోదైన కంపెనీ తన పథకమును తొలుత స్టాక్ ఎక్స్ఛేంజీలకు సమర్పించి, వారి యభ్యంతరములు తీర్చుకొన్న పిదపనే ట్రైబ్యునల్ గుమ్మమెక్కును. పిమ్మట ఓటుచేసిన వాటాదారులలోను ఋణదాతలలోను సంఖ్యచే అధికులు, విలువచే నాలుగింట మూడువంతులవారు సమ్మతింపవలెను. సత్యం వాటాదారులకు 17 షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు లభించినవి. పది షేర్లవానికి ఒక షేరును, ఒక తునుకయు వచ్చును. అట్టి తునుకలను గుదిగుచ్చి అమ్మి, వచ్చిన సొమ్ము పంచుట విలీనములందు సామాన్యాచారము.