మిద్దింటికి పుత్తూరు కట్టు!

ఇన్‌స్టాలో ‘వింటేజ్ హోమ్ మేకోవర్’ రీల్స్ చూసి, మన పాతింటిని కూడా అలా మార్చేద్దాం అనుకుంటున్నారా? ముందే ఒక మాట. రీల్ ముప్పై సెకన్లే. మా ఇంటికి ఏడాది పట్టింది. అందులో నాలుగు నెలలు నేను చేసిన తప్పుని సరిదిద్దుకోడానికే పోయాయి.

మాది వడమాలపేట. తిరుపతి నుంచి పుత్తూరు వెళ్లే దారిలో వస్తుంది. నేను బెంగళూరు కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని, సగం రోజులు ఇంటి నుంచే పని. తాత పోయాక మిద్దింటిని ఏం చేయాలన్న మాటొచ్చింది. “కొట్టేసి కింద రెండు షాపులు, పైన రెండు పోర్షన్లు వేస్తే బాడుగలొస్తాయి” అన్నాడు నాయన. ఆయన లెక్క తప్పేం కాదు. నేనే ఏడాది టైమడిగా. సేవింగ్స్‌లో ఆరు లక్షలు తీశా. కుదరకపోతే జేసీబీని నేనే పిలుస్తానని మాటిచ్చా.

మాది మద్రాస్ మిద్దె. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా చిత్తూరు జిల్లా మద్రాసు కిందే ఉండేది కదా, కట్టుబడీ అక్కడిదే. గోడ నుంచి గోడకి టేకు దంతెలు. వాటిమీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో అతికిస్తారు. ఆపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి పోసి, చెక్కలతో రోజుల తరబడి కొడతారు. చివర్లో పలక పెంకులు. ఎక్కడా సిమెంటు లేదు, ఇనుప కడ్డీ లేదు.

ఇదేదీ తెలుసుకోకుండా ఫస్ట్ నెలలోనే హాల్ గోడలు గీకించి సిమెంటు పూత వేయించా. దానిమీద ఖరీదైన ప్లాస్టిక్ పెయింట్. మూలకి పాత గ్రామఫోను, గుమ్మం దగ్గర ఇత్తడి లాంతరు. ఫొటోలు అదిరిపోయాయి!

అవ్వ మాత్రం నవ్వింది. “రేయ్ అబ్బోడా, ఇవన్నీ మేము పాత సామాన్లోడికి వేసినవే గదరా! దుడ్లిచ్చి తెచ్చుకున్నావా? నాకు లాంతరొద్దు, గది పక్కనే బాత్రూమ్ కావాల. కుర్చీ మాదిరి ఉంటాదే, అది.”

చేద్దాంలే అవ్వా అన్నా. లిస్టులో చివర రాసుకున్నా.

నవంబర్ వానలు పట్టుకున్నాయి. రెండు వారాల్లో హాల్ గోడ అడుగున బుడగలు, తెల్లగా ఉప్పు. చేత్తో తడితే పూత ఊడొచ్చింది. పాత ఇళ్లలో నేల చెమ్మ గోడలోకి ఎక్కడం మామూలే. సున్నం పూతైతే దాన్ని ఆవిరై బయటికి పోనిస్తుంది. నేనేమో గోడకి రెయిన్‌కోటు తొడిగా. చెమ్మ లోపలే ఉండిపోయింది.

అదే వానలో ఒక రాత్రి, పెరట్లో ఉన్న పాత లెట్రిన్‌కి పోతూ అవ్వ జారిపడింది. మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించి తీసుకొచ్చాం. ఆ రాత్రి లాంతరు వైపు చూడలేకపోయా.

తర్వాత వారం, పక్క పల్లె నుంచి డెబ్బై దాటిన బేల్దారి వచ్చాడు. గోడ చూశాడు, అవ్వ చెయ్యి చూశాడు. “మనిషికి పుత్తూరు కట్టు కావాల, ఇంటికి మాత్రం టౌను వైద్యమా సామీ?” అన్నాడు.

సిమెంటంతా చెక్కించాడు. సున్నం నానబెట్టి, ఇసకతో కలిపి, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి తొక్కించాడు. సున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. మన డెడ్‌లైన్లు దానికి పట్టవు. రెండు దంతెల కొసలు చెదలు తినేశాయి. ఇంకో ఊళ్లో కూల్చేసిన మిద్దె టేకు తెచ్చి వేశాం.

ఈలోపు నా లిస్టు తలకిందులైంది. గ్రామఫోను అమ్మేశా. ముందు బాత్రూమ్! అవ్వ గది వెనక గోడకి కాస్త ఎడం వదిలి, కొత్తగా విడిగా కట్టాం. నీళ్ల తడి పాత గోడకి తగలకూడదు కదా. అక్కడ సిమెంటే, జారని టైల్సే, పట్టుకోడానికి స్టీలు రాడ్. మధ్యలో చిన్న రేకు కప్పు.

మిగతాది పెద్ద కష్టం కాదు. గోడలకి గాళ్లు కొట్టకుండా వైరింగ్ అంతా పైపైనే, దంతెల పక్కన పైపుల్లో. భోషాణం మీద టీవీ, లోపల బొంతలు. ఒకటిన్నర అడుగు మందం గోడలు కాబట్టి వైఫై పక్క గదికి చేరదు. ల్యాన్ కేబుల్ లాగి రెండు రూటర్లు పెట్టా. ఒకటి తాత దీపం పెట్టుకున్న గూట్లోనే.

ఖర్చు ఏడు లక్షల ఎనభై వేలైంది. సున్నం పనిలో మెటీరియల్ కంటే కూలే ఎక్కువ. పాతిల్లు అంటే చౌక అనుకోవద్దు.

మొన్నటికి ఏడాది నిండింది. నాయన మధ్యాహ్నం హాల్లో చాప మీద పడుకుని ఉన్నాడు. “ఏం నాయనా, జేసీబీ పిలవనా?” అన్నా.

కళ్లు తెరవకుండానే అన్నాడు. “మిద్దె మీద పెంకుల సందులో రావిమొక్క మొలిచింది. ముందు ఎక్కి అది పీకు పో.”