అలెప్పో గది ముందు

అరబిక్‌లో ‘ముల్తకా’ అంటే కలుసుకునే చోటు. శరణార్థులు లక్షల్లో జర్మనీ చేరిన 2015లో బెర్లిన్‌లోని నాలుగు మ్యూజియాలు ఆ పేరుతోనే ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. సిరియా, ఇరాక్‌ల నుంచి వచ్చినవారికే గైడ్లుగా శిక్షణ ఇచ్చి, తోటి శరణార్థులకు అక్కడి వస్తువుల కథను అరబిక్‌లో చెప్పించాయి.

పెర్గమాన్ మ్యూజియంలోని అలెప్పో గది ఈ పనికి చక్కగా అమరింది. సిరియాలోని అలెప్పోలో ఒక క్రైస్తవ వర్తకుడు 1600 ప్రాంతంలో తన ఇంటికి చేయించుకున్న రంగుల చెక్క గోడలవి. వాటిమీద బాలయేసుతో మరియమ్మ ఉంది, లైలా మజ్నూలూ ఉన్నారు. బైబిల్ కీర్తనల పక్కనే అరబిక్ సామెతలున్నాయి. భిన్న మతాలవాళ్లు ఒకే ఊళ్లో బతికారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. యుద్ధంతో ఊరు వదిలిన సిరియన్ ఆ గోడల ముందు నిలబడినప్పుడు సాయం అడిగేవాడిగా ఉండేవాడు కాదు, తెలిసిన మనిషిగా నలుగురికీ వివరించేవాడు. ఈ ప్రయత్నం అసలు విలువ అదే.

ఆ నాలుగింట్లో మరొకటైన జర్మన్ చరిత్ర మ్యూజియంలో మాట ఇంకోవైపు తిరిగేది. రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమై మళ్లీ లేచిన నగరాలను చూస్తే, శరణార్థులకు తమ ఊళ్లూ తిరిగి నిలబడతాయన్న ఆశ కలిగేది.

తర్వాత ఇదే పద్ధతిని ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ మ్యూజియాలూ అందుకున్నాయి.