స్త్రీపురుషుల ఆయుర్దాయము

స్త్రీపురుషులలో బలవంతులెవరని మేము పై తరగతివారి నడిగితిమి. పురుషులేయని బాలురు ఏకకంఠముగా పలికిరి. ధాన్యపు బస్తా నెత్తుటయే బలమైనచో వారి మాట సత్యమే. కాని వ్యాధికిని వార్ధక్యమునకును ఎదురునిలిచి బ్రతుకుట బలమైనచో ప్రత్యుత్తరము వేఱుగానుండును.

ప్రకృతిసిద్ధముగా 100 మంది ఆడశిశువులకు సుమారు 105 మంది మగశిశువులు జన్మింతురు. అయినను శైశవమునందు మగబిడ్డలే యెక్కువ దుర్బలులు. దీనికి గల కారణములలో నొకటి చెప్పెదము. స్త్రీ శరీరకణములలో ఎక్స్ అను క్రోమోసోములు రెండు గలవు. పురుషునికి ఎక్స్ ఒకటియే. దానికి జోడు వై. ఒక ఎక్స్‌నందు లోపమున్నను స్త్రీకి రెండవది సాయపడును. పురుషునికి అట్టి ఆధారము లేదు. మఱియు గుండెజబ్బు పురుషులకంటె స్త్రీలకు కొన్నియేండ్లు ఆలస్యముగా వచ్చుచుండును.

అయితే అంతయు ప్రకృతియే చేయుచున్నదా? జర్మనీలోని బవేరియాయందు 1890 మొదలు 1995 వఱకు మఠములలో జీవించిన సన్న్యాసుల యొక్కయు సన్న్యాసినుల యొక్కయు ఆయుర్దాయమును పరిశోధించిరి. వెలుపలి జనులలో స్త్రీపురుషుల ఆయువుల భేదము అయిదేండ్లకు మించి పెరుగగా, ఒకే విధమైన నియమముతో బ్రదికిన మఠవాసులలో నది ఇంచుమించు ఒక్క యేడు మాత్రమే. కాగా పురుషుడు పోగొట్టుకొను ఆయువులో పెద్దభాగము అతని నడవడివలననే పోవుచున్నది. మన దేశమున 2019–21 నాటి కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము, పదునైదేండ్లు దాటిన పురుషులలో నూటికి 38 మంది పొగాకు వాడుచుండగా, స్త్రీలలో 9 మంది మాత్రమే వాడుచుండిరి.

స్త్రీకి ప్రకృతి యిచ్చిన యీ వరమును మన దేశము చిరకాలము హరించెను. 1970–75లో పురుషుల సగటు ఆయువు 50.5 ఏండ్లు, స్త్రీలది 49 ఏండ్లే. ప్రసవ మరణములును, ఆడబిడ్డ జబ్బును అలక్ష్యము చేయుటయు ఇందుకు ముఖ్యకారణములు. పూర్వము పురుషవైద్యునికి చూపక ప్రాణములు విడిచిన తల్లులెందరో! అట్టివారి కొఱకే డాక్టరు అన్నా కూగ్లరు దొరసానిగారు 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెఱపించిరి. లక్ష జననములకు 2004–06లో 254గా నున్న ప్రసవ మరణములు 2018–20 నాటికి 97కు తగ్గెను. 2016–20లో పురుషుల ఆయువు 68.6 ఏండ్లు, స్త్రీలది 71.4 ఏండ్లు. హరింపబడినది తిరిగి లభించినది.

కాని దీర్ఘాయువు వేఱు, ఆరోగ్యము వేఱు. పైని చెప్పిన పరిశీలనలోనే 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలెను. పురుషులలో 25 మందికే. వార్ధక్యమున కీళ్లనొప్పులును ఎముకల బలహీనతయు స్త్రీలనే యెక్కువ బాధించును. భర్తకంటె వయస్సున చిన్నదగుటచేతను, ఆయువు హెచ్చగుటచేతను, అనేకులు కడపటి దినములను వైధవ్యమున ఒంటరిగా గడుపుదురు.

కావున తలిదండ్రులకు మా విన్నపమిది: కుమారునికిని కుమార్తెకును ఒకే కొలతగా వడ్డింపుడు, ఇరువురి జ్వరమునకును ఒకే త్వరతో వైద్యుని పిలువుడు. బాలురారా, చుట్టబీడీలను సారాను చేరనీయకుడు. బస్తా నెత్తగల మీ భుజబలము మెచ్చదగినదే. ఆ బియ్యమును వండి అందఱకు పెట్టి కడపట కూర్చుండు తల్లికి కుండలో నేమి మిగిలినదో నేటి రాత్రియే చూడుడు. ప్రాణములను నిలుపు పని అక్కడనే ఆరంభమగును.