గడియారం ఎప్పుడు కదలాలి?

లోలకం ప్రయోగం మొదలుపెట్టే ముందు మా విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతుంటాను. స్టాప్‌వాచ్ ఎప్పుడు నొక్కాలి? గుండును వదిలినప్పుడా, అది మధ్య గీతను దాటినప్పుడా? ఆ సంగతి ముందే తేల్చుకోకపోతే ఒక్కొక్కరి లెక్క ఒక్కొక్క రకంగా వస్తుంది. ప్రయోగశాలలో అయితే మళ్ళీ చేసుకోవచ్చు. ఒలింపిక్ ఫైనల్లో అలా జరిగితే?

1972 సెప్టెంబరులో మ్యూనిక్ నగరంలో అమెరికా, సోవియట్ యూనియన్ జట్ల మధ్య బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. మూడు సెకండ్ల ఆట మిగిలి ఉండగా డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేశాడు. అమెరికాకు 50, సోవియట్‌కు 49. ఇప్పుడు సోవియట్ ఆటగాడు గీత బయట నిలబడి బంతిని లోపలికి విసరాలి. దీన్నే త్రో-ఇన్ అంటారు.

మొదటిసారి విసిరాక, టైమ్-అవుట్ అడిగామని సోవియట్ శిక్షకులు గొడవ చేయడంతో ఒక్క సెకండు ఉండగా ఆట ఆగింది. అంతర్జాతీయ సమాఖ్య కార్యదర్శి విలియం జోన్స్ మూడు సెకండ్లూ తిరిగి ఇవ్వమన్నారు. రెండోసారి, గడియారాన్ని ఇంకా సరిచేస్తుండగానే రిఫరీ బంతి ఇచ్చేశారు. విసరగానే హారన్ మోగింది. గెలిచామనుకుని అమెరికన్లు గంతులేశారు. కాని మూడోసారి కూడా విసరమన్నారు! ఈసారి ఇవాన్ ఎదెష్కో ఈ చివర నుంచి ఆ చివరకు బంతి విసిరాడు. అలెగ్జాండర్ బెలోవ్ దాన్ని అందుకుని బాస్కెట్‌లో వేశాడు. 51-50. అమెరికా చేసుకున్న అప్పీలు 3-2 ఓట్లతో వీగిపోయింది. ఆ జట్టు తన వెండి పతకాలను తీసుకోనేలేదు.

అంత దూరం పోయే బంతికి మూడు సెకండ్లు ఎలా సరిపోయాయి? లెక్క వేద్దాం. దూరం 24 మీటర్లు, విసిరిన కోణం 45 డిగ్రీలు అనుకోండి. గాలి నిరోధాన్ని వదిలేస్తే, పట్టే కాలం 2R/g కి వర్గమూలం. అంటే 48ని 9.8తో భాగించి వర్గమూలం తీయాలి. దాదాపు 2.2 సెకండ్లు! కోణం 30 డిగ్రీలకు తగ్గించినా 1.7 సెకండ్లు పడుతుంది. చేతి నుంచి బంతి వదిలినప్పుడే గడియారం కదిలితే బెలోవ్‌కు మిగిలేది ఒక సెకండు అటూ ఇటూ. కాని నిబంధన అలా లేదు. లోపలి ఆటగాడికి బంతి తగిలినప్పుడే గడియారం కదలాలి. బంతి గాలిలో ఉన్నంతసేపూ ఆట గడియారం నిద్రపోతుందన్నమాట. విసిరేవాడు మరీ ఆలస్యం చేయకుండా అయిదు సెకండ్ల గడువు ఉంది. దాన్ని రిఫరీ విడిగా లెక్కపెడతారు.

బంతి తగలడం చూసి మీట నొక్కేది మనిషే కదా! కన్ను చూసి, మెదడు చెప్పి, వేలు కదలడానికి సుమారు 0.2 సెకండ్లు పడుతుంది. మూడు సెకండ్లలో అది పెద్ద విషయం కాదు. 0.2 సెకండ్లే మిగిలి ఉంటే? అందుకే నేటి అంతర్జాతీయ నిబంధన ఇలా ఉంది. త్రో-ఇన్ అందుకుని, పట్టుకుని బాస్కెట్‌కు వేయాలంటే గడియారంలో కనీసం 0.3 సెకండ్లు కనిపించాలి. 0.2 గాని 0.1 గాని ఉంటే బంతిని గాలిలోనే తట్టాలి, లేదా నేరుగా రింగులోకి కుక్కాలి. అంత తక్కువ కాలంలో ఎవరైనా పట్టుకుని విసిరి వేస్తే, గడియారమే ఆలస్యంగా కదిలిందని అర్థం.

మ్యూనిక్‌లో మరో చిక్కు కూడా వచ్చింది. మూడోసారి విసిరేటప్పుడు ఎదెష్కో ఎదుట పొడగరి టామ్ మెక్‌మిలన్ చేతులెత్తి నిలబడ్డాడు. రిఫరీ చేసిన సైగ చూసి, వెనక్కి జరగమంటున్నారనుకుని జరిగాడు. దాంతో బంతికి దారి దొరికింది. తన సైగకు అర్థం అది కాదని రిఫరీ తరవాత అన్నారు. నేటి నిబంధనల్లో దీనికి కొలతలున్నాయి. గీత బయట రెండు మీటర్ల కన్నా తక్కువ ఖాళీ ఉంటే ఎదుటివాడు ఒక మీటరు దూరంలో ఉండాలి. ఎంత ఖాళీ ఉన్నా అతని చెయ్యి గీత దాటి బయటికి రాకూడదు.

అప్పుడు ఎవరికి అన్యాయం జరిగిందన్న వాదన నేటికీ తెగలేదు. మనకు మాత్రం ఒకటి స్పష్టం. కొలిచే సాధనం మంచిదైతే చాలదు. ఎక్కడ మొదలుపెట్టాలో అందరికీ ఒకేలా తెలియాలి.

మీ ప్రతిచర్యా కాలం కొలుచుకోండి. మీ మిత్రుడిని 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోమనండి. సున్నా గుర్తు దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తాకకుండా ఉంచండి. అతను చెప్పకుండా వదలాలి, మీరు పట్టుకోవాలి. 15 సెం.మీ. దగ్గర పట్టుకుంటే 0.17 సెకండ్లు, 20 దగ్గరైతే 0.20, 30 దగ్గరైతే 0.25. పదిసార్లు చేసి సగటు తీయండి. ఒలింపిక్ గడియారం మీట మీ చేతికిస్తే, ఎంత ఆలస్యంగా నొక్కుతారో మీకే తెలుస్తుంది!