ఓటీపీ చెప్పకున్నా ఖాతా ఖాళీ!

2024 జులై 18న లక్ష రూపాయల లోపు పంట రుణాల మాఫీ సొమ్ము తెలంగాణ రైతుల ఖాతాల్లో పడటం మొదలైంది. ఆ రోజుల్లోనే వాట్సాప్‌లో ఇంకోటి కూడా తిరిగింది. బ్యాంకు లోగోను డీపీగా పెట్టుకున్న నంబర్ల నుంచి, చివర ‘ఏపీకే’ అని ఉండే ఫైలు. తెరవొద్దని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో హెచ్చరించింది. పత్తి, మిర్చి, వరి మీద బతికే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలో మాఫీ జాబితాలో పేరుందో లేదోనన్న ఆత్రం ఎంతటిదో దొంగలకు బాగా తెలుసు.

“ఓటీపీ ఎవ్వలకు చెప్పలే, పైసలెట్ల పోతయ్?” అన్న ధీమా ఇక్కడే దెబ్బతింటుంది. ఆ ఫైలును నొక్కగానే ఏమీ కాదు. తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌ను ఎక్కించాలా అని ఫోనే ఒకసారి అడుగుతుంది. సరే అంటే, మెసేజ్‌లు చదివేందుకు అనుమతి కావాలని యాప్ అడుగుతుంది. దానికీ సరే అన్నాక ఓటీపీని ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు, వచ్చింది వచ్చినట్టు దొంగకు చేరిపోతుంది. చాలాసార్లు బాధితుడి వాట్సాప్ కూడా వాళ్ల చేతికి చిక్కి, అదే ఫైలు ఆయన పేరుతో చుట్టాల గ్రూపుల్లోకి వెళ్తుంది. కాబట్టి ‘తెలిసినోళ్లే పంపిండ్రు’ అన్నది భరోసా కాదు. పొరపాటున ఎక్కించుకుంటే ముందు డేటా, వైఫై ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి.

అసలు స్మార్ట్‌ఫోనే లేని అవ్వకు భయం లేదనుకోవడమూ పొరపాటే. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ ఊసే లేదు. మరి వేలిముద్రను ఎవరైనా దొంగిలించగలరా? భూపాలపల్లికి పక్కనే ఉన్న పెద్దపల్లి జిల్లాలో 2018లో ఇది బయటపడింది. సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి, వేల సిమ్‌లను యాక్టివేట్ చేశాడు. అమ్మకాల టార్గెట్ కోసమట! అలాంటి అచ్చు ఖాతాల జోలికి వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోవచ్చు. పింఛన్ తీసుకునే రోజు తెరిచి, మళ్లీ మూసేయొచ్చు. ఈ సంగతి మీ సేవా కేంద్రాల్లో గోడకు అంటించి ఉంటే ఎంత బాగుండేది!

ఫోన్ చెల్లింపుల్లో మనకు వచ్చే డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే.

ఇక వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’. సింగరేణిలో ముప్పై ఏళ్లు చేసి దిగిపోయిన వారి చేతికి గ్రాట్యుటీ, పీఎఫ్ ఒకేసారి వస్తాయి. ఇలాంటి వాళ్ల కోసమే యూనిఫాంలో వీడియో కాల్, వెనక నకిలీ కోర్టు హాలు. చట్టంలో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని కూడా చెప్పారు. ఏ పోలీసూ వీడియోలో కూర్చోబెట్టి, ‘విచారణ కోసం’ అంటూ డబ్బు వేయించుకోడు.

దొంగలు హిందీలోనే మాట్లాడతారన్న లెక్క కూడా పాతబడింది. ఉద్యోగాల ఆశతో కంబోడియా వెళ్లిన మన కుర్రాళ్ల చేత అక్కడి ముఠాలు మన దేశంలోని వాళ్లకే బలవంతంగా ఫోన్లు చేయించాయి. సిరిసిల్లలో నమోదైన ఫిర్యాదుతో వాళ్లను పంపిన ఇక్కడి ఏజెంట్లు 2024లో అరెస్టయ్యారు. ఫోన్లో చక్కటి తెలుగు వినపడినంత మాత్రాన నమ్మేయలేం.

భయపడాల్సినవాటికి భయపడక, అక్కర్లేనివాటికి వణకడం మరో వింత. ‘తెలియని నంబరు కాల్ ఎత్తితే అకౌంట్ ఖాళీ అయితదట’ అన్నది ఒట్టి ప్రచారం. ఎత్తాక వాళ్లు చెప్పినట్టు చేస్తేనే ముప్పు. బస్టాండులో ఫోన్ చార్జింగ్ పెడితే సమాచారం దొంగిలిస్తారన్న హెచ్చరికలు చాలా వచ్చాయి, దాంతో నిజంగా డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మాత్రం కనపడటం అరుదు.

“నెట్ కాల్ చేసినోణ్ని ఎవలు పడతరు?” అని ఫిర్యాదే ఇవ్వనివాళ్లు చాలామంది. 2020 అక్టోబరులో మహబూబాబాద్‌లో తొమ్మిదేళ్ల బాలుణ్ని ఎత్తుకెళ్లి చంపినవాడూ ఆ లెక్కతోనే ఇంటర్నెట్ కాలింగ్ యాప్‌తో రూ.45 లక్షలు అడిగాడు. సైబర్ నిపుణుల సాయంతో పోలీసులు రోజుల్లోనే పట్టుకున్నారు. 2023 సెప్టెంబరులో కోర్టు మరణశిక్ష వేసింది.

మనిషిని పట్టుకోవడానికి రోజులు పట్టొచ్చు. డబ్బు మాత్రం నిమిషాల్లో ఖాతాలు మారుతుంది. అందుకే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు పేరు, లావాదేవీ నంబరు, సమయం దగ్గర పెట్టుకుంటే, సొమ్ము ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే ఆపించే వీలుంటుంది. అలా ఆగిన సొమ్మును తెలంగాణలో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా తిరిగి ఇప్పిస్తున్నారు. బ్యాంకుకు కూడా వెంటనే చెప్పాలి. ఖాతాదారు, బ్యాంకు ఇద్దరి తప్పూ లేకుండా పోయిన డబ్బు గురించి మూడు పనిదినాల్లో చెబితే భారం ఖాతాదారు మీద పడదని రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. పిన్ మనమే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పే దాకా పోయింది మనది, చెప్పాక పోయింది బ్యాంకుది.